వాల్‌నట్ చెక్క అని చెప్పి స్టిక్కర్ చుట్టిన స్పీకర్లు అమ్ముతున్నారు, జాగ్రత్త

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉన్న మన తెలుగువాళ్ళు ఎవరైనా ఇంట్లోకి ఖరీదైన స్పీకర్లు కొనే ఆలోచనలో ఉంటే డబ్బు పంపే ముందు ఇది చదవండి. హాల్లో నిలబెట్టే టవర్ స్పీకర్ల జత, "అసలైన వాల్‌నట్ వెనీర్, చేత్తో చేసిన పాలిష్, ఇటాలియన్ డిజైన్" అని రాసి, నా దగ్గర లక్షన్నర పైనే ముందుగా కట్టించుకుని పంపారు. వెనీర్ అంటే పైన అతికించే పల్చటి నిజం చెక్క పొర. వచ్చినవి చెక్క గీతలు అచ్చేసిన ప్లాస్టిక్ పొర చుట్టిన డబ్బాలు. అమ్మినవాడు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

మన వైపు ఇలాంటి సరుకు కళ్ళతో చూసి, చేత్తో తడిమి కొనే షాపులు లేవు. ఇటు విశాఖ పోవాలి, లేదంటే అటు భువనేశ్వర్ పోవాలి, అక్కడ కూడా మనం అడిగిన మోడల్, అడిగిన రంగు ఉంటుందని నమ్మకం లేదు. కాబట్టి ఫోటోలు చూసే కొంటాం, వీళ్ళ వ్యాపారం అంతా దాని మీదే నడుస్తోంది.

మా ఇంట్లో తేడా ముందు పట్టుకున్నది మా ఆవిడ. ఎడమ స్పీకర్‌కి పక్క భాగంలో కన్ను ఆకారంలో ఒక ముడి ఉంది. కుడిదానికీ అదే ఎత్తులో, అదే సైజులో, అదే ముడి. ఏ చెట్టూ అలా పెరగదు కదా. మంచి కంపెనీలు ఒకే దుంగ నుంచి వరసగా తీసిన పొరల్ని జత మొత్తానికీ వాడతాయి, అందుకని గీతలు బాగా దగ్గరగా ఉంటాయి, ఒక్కోసారి అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తిరగబడి ఉంటాయి, అంతేగానీ ఒకే ఫోటోకి రెండు కాపీలు తీసినట్టు మాత్రం ఉండవు. మా ఇంట్లో అల్మారాలు చేసిన వడ్రంగి మేస్త్రిని పిలిపిస్తే ఆయన మూల దగ్గర గోరుతో గీకి, "బాబుగారూ, ఇది వెనీర్ కాదండీ, స్టిక్కరు" అనేశాడు. నలుచదరపు మూల దగ్గర వెనీర్ అయితే ఒక పొర ఆగి ఇంకో పొర మొదలైన అతుకు కనిపిస్తుందట, మా వాటికి గీతలు ఆగకుండా మూల తిరిగి పక్కకు వెళ్ళిపోయాయి. తర్వాత వెనక వైర్లు బిగించే ప్లేటు విప్పి కోసిన అంచు చూపించాడు. చెక్క పొర ఛాయ కూడా లేదు, లాగితే సాగే ప్లాస్టిక్, దాని కింద ఎండీఎఫ్, అంటే చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన అట్టలాంటి పలక.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. లోపల ఎండీఎఫ్ ఉండటం మోసం కాదు. లక్షలు పలికే పేరున్న స్పీకర్లు ఎన్నో ఎండీఎఫ్ తోనే చేస్తారు, ఎందుకంటే దాని మందం అంతటా ఒకేలా ఉంటుంది, మామూలు చెక్క పలకలా వంకర పోదు, పగుళ్ళు రావు. దాని మీద అర మిల్లీమీటరు, ఆ పైన కొంచెం మందంలో నిజం చెక్క పొర అతికిస్తారు. తక్కువ ధర స్పీకర్లకు వినైల్ (అదే ప్లాస్టిక్ పొర) చుట్టడం కూడా మామూలే, ఆ సంగతి చెప్పి, ఆ ధరకే అమ్మితే ఎవరికీ బాధ లేదు. వినైల్ చుట్టి చెక్క ధర వసూలు చేశాడు, నా గొడవంతా అదే.

ఇంకా ఎక్కువ కోపం తెప్పించింది ఆకారం విషయంలో చేసిన పని. మంచి స్పీకర్‌కి ఆ ఒంపులు, ఆ గుండ్రటి అంచులు ఊరికే అలంకారానికి రాలేదు. 1950ల మొదట్లోనే అమెరికాలో ఆర్‌సీఏ సంస్థకు చెందిన హ్యారీ ఓల్సన్ ఒకే స్పీకర్‌ని రకరకాల ఆకారాల పెట్టెల్లో బిగించి కొలిచి, గోళంలో పెడితే ధ్వని అన్నిటికంటే సాఫీగా వస్తుందనీ, పదునైన అంచులున్న ఘనాకారపు పెట్టెలో హెచ్చుతగ్గులు బాగా ఎక్కువనీ చూపించాడు. బ్రిటిష్ కంపెనీ బవర్స్ అండ్ విల్కిన్స్ 1993లో తెచ్చిన నాటిలస్ అనే స్పీకర్ నత్తగుల్లలా కనిపిస్తుంది, చూసినవాళ్ళు షోకేసు బొమ్మ అనుకుంటారు, కానీ ఆ సన్నబడుతూ పోయే గొట్టాలు కోన్ (ఊగుతూ శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగం) వెనక పుట్టే శబ్దాన్ని లోపలే అరగదీయడానికి. ఇటలీ సోనస్ ఫాబెర్ వాళ్ళు ల్యూట్ అనే తీగ వాద్యం ఆకారంలో పక్కలు వంచుతారు, ఎదురెదురు గోడలు సమాంతరంగా లేకపోతే లోపల శబ్దం అటూ ఇటూ కొట్టుకుని నిలిచిపోవడం తగ్గుతుంది. ముందు బట్ట జాలీ బదులు నిలువుగా సాగే తాళ్ళు కట్టడం కూడా వాళ్ళ దగ్గర కనిపించేదే.

నాకు అమ్మినవాడు ఆ తాళ్ళు కూడా కాపీ కొట్టాడు. ఒంపు పక్కలు మాత్రం ఉత్త నాటకం. మామూలు నిటారు పెట్టెకి రెండు వైపులా ప్లాస్టిక్ రేకులు అంటించాడు, వేలితో కొడితే డొల్ల మోత, వాల్యూమ్ పెంచితే ఆ రేకులే గరగరలాడతాయి. కోన్లు పసుపు రంగులో నేత గుడ్డలా మెరుస్తాయి. బవర్స్ అండ్ విల్కిన్స్ 1970ల నుంచి కెవ్లార్ అనే గట్టి కృత్రిమ దారపు నేతతో అలాంటి పసుపు కోన్లు వాడింది, 2015లో తన పెద్ద మోడళ్ళలో వెండి రంగు కోన్లకు మారింది, అయినా జనం కళ్ళలో ఆ పసుపే ఉండిపోయింది. నాకొచ్చినవి కాగితం కోన్ల మీద నేత డిజైన్ ప్రింట్ చేసినవి, వెనక నుంచి చూస్తే మామూలు బూడిద రంగు కాగితం. కోన్ మధ్యలో బంగారు రంగు బుల్లెట్ లాంటిది ఉంది చూశారా, అది కూడా అబద్ధమే. ఆ బుల్లెట్ లాంటిదాన్ని ఫేజ్ ప్లగ్ అంటారు, అసలుదైతే వెనకున్న అయస్కాంతం భాగానికి బిగించి ఉంటుంది, కోన్ ఊగినా అది కదలదు. ఇక్కడ దాన్ని కోన్ మీదే జిగురుతో అంటించారు, పాట వస్తుంటే కోన్ తో పాటే ఊగుతుంది. వీడియోలో కూడా ఇది కనిపిస్తుంది, బేస్ గట్టిగా ఉన్న పాట పెట్టి దగ్గర నుంచి తీసిన వీడియో అడగండి, ఇవ్వను అంటే అక్కడితో ఆపేయండి.

వానాకాలం వచ్చేసరికి మిగతాది కూడా బయటపడింది. గోపాలపూర్ నుంచి వచ్చే ఉప్పు గాలి, తేమ మనకు కొత్త కాదు. కింది అంచుల్లో ఎండీఎఫ్ నీరు పట్టి ఉబ్బింది, స్టిక్కర్ జిగురు వదిలి మూలల దగ్గర లేచింది, వెనక వైర్లు బిగించే టెర్మినళ్ళ మీద పచ్చగా చిలుము పట్టింది. అసలు సరుకు కొన్నవాళ్ళు కూడా స్పీకర్ అడుగు నేలకు ఆనకుండా స్పైకుల (మొనదేలిన లోహపు కాళ్ళ) మీదో రాతి పలక మీదో పెట్టుకోండి, ఇల్లు తడిగుడ్డతో తుడిచేటప్పుడు నీళ్ళు అంచులకు తగలనివ్వకండి. కోరాపుట్, జయపురం వైపు ఉన్నవాళ్ళకూ ఇది వర్తిస్తుంది, అక్కడ వానలు ఇంకా ఎక్కువ కాలం పడతాయి. కిటికీ ఎండ నేరుగా పడితే వాల్‌నట్ రంగు వెలుస్తుంది, చెర్రీ చెక్క అయితే ఇంకా ముదురుతుంది, కాబట్టి ఒకదానికి ఎండ తగిలి ఇంకోదానికి తగలకపోతే కొంతకాలానికి జత జతలా కనిపించదు.

అద్దంలా మెరిసే నల్లటి పియానో ఫినిష్ కొనేవాళ్ళు ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడండి. మంచి పాలిష్ మీద అది తిన్నగా గీతలా పడుతుంది, చవక పెయింట్ మీద నారింజ తొక్కలా గరుకుగా అలలు పోతుంది. ఏ ఫినిష్ అయినా, మీకు పంపబోయే అదే జత పగటి వెలుతురులో ఉన్న ఫోటోలు, రెండు స్పీకర్ల పక్క భాగాలూ ఒకే ఫ్రేములో, మూలల దగ్గర క్లోజప్, వెనక ప్లేటు, ఇవన్నీ అడగండి. కంపెనీ వాళ్ళ ఫోటోలు పంపితే ఒప్పుకోవద్దు. బిల్లులో "నిజమైన చెక్క వెనీర్" అని రాయించండి, నా దగ్గర ఆ ముక్క చాట్‌లో ఉంది కాబట్టే ఫిర్యాదుకు బలం వచ్చింది. పార్సిల్ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు ఊరుకోవద్దు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, అక్కడ ముందు ఫిర్యాదు నమోదు చేయించండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, వాడి ఊరికి తిరగనక్కర్లేదు. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. సంఘటన జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. నేను బరంపురంలో కాగితాలు సిద్ధం చేస్తున్నాను.

అదే సరుకు ఇప్పుడు వేరే పేజీ పేరుతో మళ్ళీ అమ్మకానికి పెట్టారు, ఫోటోలు కూడా అవే. ఆకుపచ్చ తెర వేసిన కిటికీ, తెల్ల మార్బుల్ నేల, ఎడమ స్పీకర్ పక్కన పొడవాటి ఇత్తడి దీపపు సెమ్మె ఉంటుంది. ఆ ఫోటో మీకు కనిపిస్తే అడ్వాన్స్ కూడా పంపకండి, స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి, కేసు కాగితాలకు జత చేస్తాను.