నాలుగేళ్ళు డీహైడ్రేటర్ వాడాక: ట్రెక్ తిండి మీద నా సమీక్ష

డీహైడ్రేటర్ అంటే తిండిని వేడిగాలితో ఎండబెట్టే మెషీన్. 2021లో హైదరాబాద్‌లో కొన్నాను దీన్ని, గుండ్రంగా ఐదు ట్రేలు, అడుగున ఫ్యాన్, 300 వాట్లు. అప్పట్నుంచి ఏటా ట్రెక్‌కి ముందు వారం రోజులు మా వంటింట్లో తిరుగుతూనే ఉంటుంది. మేడ మీద వడియాల్లాగా ఎండబెట్టుకోవచ్చు కదరా అని అమ్మ మొదట్లో గోల చేసింది, నిజమే, మే నెలైతే మెషీన్ అక్కర్లేదు. కానీ హిమాలయాల్లో పెద్ద పాస్‌లకి (కొండలు దాటే కనుమలకి) వెళ్ళేది జులై నుంచి సెప్టెంబర్ దాకా, అప్పుడు ఇక్కడ ముసురు, ఇంక ఎండెక్కడిది.

బరువు తగ్గుతుందనే కొన్నాను. ఆ లెక్క సగమే కరెక్ట్. టమాటా, బీన్స్, గోంగూర బాగా తేలికైపోతాయి, కిలో టమాటాకి అరవై డెబ్బై గ్రాములే వస్తుంది. కానీ పావుకిలో కందిపప్పు ఉడకబెట్టి ఎండబెడితే మళ్ళీ అటూఇటూగా పావుకిలోనే వస్తుంది, పోయేది మనం పోసిన నీళ్ళే కదా! పప్పు విషయంలో లాభమంతా గ్యాస్‌లో ఉంది. 4,000 మీటర్ల ఎత్తులో నీళ్ళు దాదాపు 87 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకుండా పచ్చి పప్పు ఎంతసేపు ఉంచినా పలుకు పోదు, కుక్కర్ మోసుకెళ్దామంటే అదో బరువు.

హిమాచల్‌లో పిన్ పార్వతి పాస్ (5,319 మీటర్లు) వెళ్ళినప్పుడు ఇది బాగా తెలిసొచ్చింది. ఖీర్‌గంగా దాటాక స్పితి వైపు ముద్ అనే ఊరు వచ్చేదాకా ఊరూ లేదు కొట్టూ లేదు, తినేదంతా మన వీపు మీదే. మంతలాయి సరస్సు దగ్గర సాయంత్రం చేతులు కొంకర్లు పోతుంటే టిఫిన్ డబ్బాలో పప్పు రవ్వ (ఉడికించి ఎండబెట్టి మిక్సీ పట్టిన పప్పు), ఎండిన గోంగూర వేసి మరిగే నీళ్ళు పోసి, మూత బిగించి ఉన్ని టోపీలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నా. ఇరవై నిమిషాలకి తీస్తే ఇంగువ వాసనతో పొగలు కక్కే గోంగూరపప్పు, పైన గడ్డకట్టిన నెయ్యి ఓ చెంచా. ఆ పూట నాకింకేం వద్దనిపించింది.

పప్పుని బాగా మెదిపి బటర్ పేపర్ మీద పల్చగా రాయాలి, 60 డిగ్రీల్లో తొమ్మిది పది గంటలు, అంటే మూడు యూనిట్ల కరెంటు. అప్పడంలా పెళుక్కుమనాలి, వంగిందంటే ఇంకా తేమ ఉన్నట్టే. తర్వాత మిక్సీలో రవ్వలా ఒక్క తిప్పు. అడుగు ట్రే ముందే ఎండిపోతుంది, రెండు గంటలకోసారి పైకీ కిందకీ మార్చుకోవాల్సిందే, ఇది నాకు నచ్చని విషయం. శనగలు, బఠాణీలు మాత్రం వద్దు, ఎంత నానినా గులకరాళ్ళే.

మొదటి ఏడాది తాలింపు వేసిన పప్పే ఎండబెట్టాను, మూడు వారాలకి పాత నూనె కంపు, కొండ మీద ఆకలితో ఉండి కూడా పారబోయాల్సొచ్చింది, ఇప్పటికీ బాధే. నూనె ఎండదండీ. అందుకే ఇంగువ, ఎండుమిర్చి పొడిగా వేయించి దంచి కలుపుతాను, నెయ్యి వేరే సీసాలో రెండు కవర్లు చుట్టి. నెయ్యి గ్రాముకి 9 క్యాలరీలు, బియ్యం పప్పులైతే మూడున్నర, కాబట్టి రోజుకి 650 గ్రాముల తిండిలో 60 గ్రాములు నెయ్యే ఉంచుతాను.

ఇంకో మాట, పొద్దున్నపూటకి ఈ మెషీన్ అవసరమే లేదు. అటుకులకి వేడినీళ్ళు చాలు, కందిపొడి, నెయ్యి కలుపుకుంటే ఐదు నిమిషాల్లో కడుపు నిండుతుంది. దారిలోకి సున్నుండలు, పల్లీ పట్టీ.

రెండో ఏడాదే ఒక ట్రే పగిలింది, అమ్మినవాళ్ళు విడిగా ఇవ్వం అన్నారు, స్టీల్ జాలీ కోయించి పెట్టుకున్నా, బాగానే పనిచేస్తోంది. కూరగాయలు, పప్పు ఇంట్లోనే చేసుకుంటూ ఏటా ఒక పెద్ద ట్రెక్ చేసేవాళ్ళకి కొనమనే చెప్తాను, మూడు రోజుల ట్రిప్పులకైతే వద్దు.

ఈసారి గోంగూర రెండు కట్టలు ఎక్కువేశా, ఇప్పుడు మూడో ట్రేలో ఉంది, ఆకు నలిపితే పొడవ్వాలి, ఇంకో గంట పట్టేలా ఉంది.