'హార్డెన్డ్ స్టీల్' డిఫ్ గేర్ల కిట్ తెప్పిస్తున్నారా? బిగించకముందే ఒక్కసారి ఇది చదవండి

ఆర్‌సీ బగ్గీలు, అంటే రిమోట్‌తో నడిచే చిన్న కార్లు, నడిపే మిత్రులకు ఒక హెచ్చరిక. వాటిలో డిఫరెన్షియల్ (డిఫ్) అంటే మలుపుల్లో కుడి, ఎడమ చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక. ప్యాకెట్ మీద 'హార్డెన్డ్ స్టీల్ డిఫరెన్షియల్ గేర్స్' అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది స్టీలే అని నమ్మకండి.

నా 1/10 స్కేల్ ఫోర్‌వీల్ డ్రైవ్ బగ్గీకి ముందుకీ వెనక్కీ సరిపోయే సెట్లంటూ ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర కిట్ తెప్పించాను. ముందుగా వెనక డిఫ్ మార్చాను. షిమ్‌లు (సందు సరిచేసే పలుచని రింగులు) వేసి, పళ్లు బిగుసుకోకుండా, వదులు కాకుండా సరిచూసుకునే బిగించాను. 2ఎస్ లైపోతో, అంటే రెండు సెల్‌ల లిథియం బ్యాటరీతో, తిరిగినంతసేపు బాగానే ఉంది. మూడు సెల్‌ల 3ఎస్ పెట్టాక ఒక చిన్న దిబ్బ దిగేసరికి వెనక నుంచి గరగరమని శబ్దం, ఆ తర్వాత వెనక చక్రాలకు ఊపే లేదు.

విప్పి చూస్తే పినియన్ (చిన్న గేర్) పళ్లు మొదలంటా విరిగి ఉన్నాయి. విరిగిన చోట మసక బూడిద రంగు, ఇసక పలుకుల్లా గరుకు. అయస్కాంతం ఆనిస్తే అంటుకోనే లేదు. గట్టిపరిచిన స్టీలు గేరైతే ఠక్కున పట్టుకోవాలి. క్రౌన్ గేర్ (పినియన్ తిప్పే పెద్ద గేర్) అయస్కాంతానికి అంటుకుంది కానీ, వెనక వైపు ఆకురాయితో గీస్తే సులువుగా తెగింది. నిజంగా హార్డెన్ చేసిన లోహం మీద ఆకురాయి జారిపోతుంది. విరిగిన ముక్కలు గ్రీజులో కలిసి, బాగున్న బేరింగులను కూడా పాడుచేశాయి. ఆ నష్టం కిట్ ఖరీదులో కనిపించదు.

ఇంకా బిగించని ముందు సెట్ పళ్లు లెక్కపెడితే అసలు సంగతి బయటపడింది. వెనక సెట్‌లో క్రౌన్ 38, పినియన్ 10. ముందు సెట్‌లో క్రౌన్ 38, పినియన్ 11. అంటే వెనక గేర్ నిష్పత్తి 3.8, ముందుది 3.45. నా బండిలాగా మధ్యలో డిఫ్ లేకుండా ఒకే షాఫ్ట్ రెండు వైపులా తిప్పే బండిలో ఇది బిగిస్తే ముందు చక్రాలు ఒక వేగం, వెనకవి ఇంకో వేగం కోరుకుంటాయి. టైర్లు ఈడ్చుకుపోతాయి, షాఫ్ట్ మీద ఒత్తిడి పడుతుంది, మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే సర్క్యూట్) కాలిపోయేంత వేడెక్కుతాయి. కారణం తెలియక మోటారునే తిట్టుకుంటాం.

'ఒకసారి బిగించాక వాపసు లేదు' అన్నాడు అమ్మకందారు. వినకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. విరిగిన పళ్లు, అయస్కాంతం పరీక్ష వీడియో, ప్రకటన స్క్రీన్‌షాట్ అన్నీ జతచేశాను.

మీకు పార్సిల్ వస్తే విప్పేటప్పుడే వీడియో తీయండి. పినియన్‌కీ క్రౌన్‌కీ అయస్కాంతం ఆనించండి. రెండు సెట్ల పళ్లూ లెక్కపెట్టి, పాత గేర్ల పళ్లతో పోల్చుకోండి. పాత ప్లాస్టిక్ గేర్లను మాత్రం అప్పుడే పారేయకండి, డబ్బు వెనక్కి వచ్చేదాకా బండి నడిచేది వాటితోనే.