భాష రాని కామిక్: బొమ్మలు చూడాలా, ఫోన్ పెట్టాలా, ఇంగ్లీషుది కొనాలా?

పోయిన సంక్రాంతికి మా బావమరిది ఒసాకా నుంచి వస్తూ ఒక మాంగా, అంటే జపనీస్ కామిక్ పుస్తకం తెచ్చాడు. బళ్లో బేస్‌బాల్ ఆడే పిల్లల కథ. నాకు జపనీస్ ఒక్క ముక్క రాదు. ఆ మాటే అంటే, "బొమ్మలే కదా బావా, అదే అర్థమవుతుంది" అన్నాడు.

మొదటి మూడు పేజీల్లో పిల్లాడు ముందు ఏడ్చాడు, తర్వాత కింద పడ్డాడు, ఆ తర్వాత చెట్టెక్కాడు. ఇదేం కథరా బాబూ అనుకుంటుంటే మా అమ్మాయి వచ్చి, "నాన్నా, కుడి నుంచి ఎడమకి చదవాలి" అని పుస్తకం తిరగేసి చేతిలో పెట్టింది. పేజీలే కాదు, పేజీలోని గళ్లు, గడిలోని మాటల బుడగలు కూడా కుడి నుంచే.

అప్పటి నుంచి ఆ ఒక్క పుస్తకాన్నే నాలుగు రకాలుగా చదివాను. ఎవరైనా అడిగితే ఏది మేలో చెప్పగలననే ధైర్యం వచ్చింది.

మొదటిది, ఏమీ తెలియకుండా బొమ్మలు చూసుకుంటూ పోవడం. దీన్ని చాలామంది తీసిపారేస్తారు. నాకు మాత్రం ఇదే ముందు చేయాల్సిన పని అనిపిస్తుంది. మాటలు అర్థమైతే కన్ను బుడగ నుంచి బుడగకి దూకేస్తుంది, మధ్యలో బొమ్మని ఓ చూపు చూసి వదిలేస్తుంది. మాటలు రానప్పుడు బొమ్మ ముందే కూర్చోవాలి. ఒక పేజీలో వాళ్లమ్మ టిఫిన్ డబ్బాని గుడ్డలో మూట కడుతుంది. మూడు గళ్లు, మాట లేదు. మూడో గడిలో ముడి బిగించిన చేతులు అక్కడే ఆగిపోయి ఉంటాయి. ఇంగ్లీషుది చదివినప్పుడు ఈ పేజీ దగ్గర నేను రెండు సెకన్లు కూడా ఆగలేదు.

కానీ బొమ్మలు మోసం కూడా చేస్తాయి. పిల్లాడి ఇంట్లో చిన్న చెక్క బీరువా లాంటిది ఉంది. అందులో ఒకాయన ఫొటో, ముందు చిన్న గిన్నెలో అన్నం. ఫొటోకి దండ లేదు. దండ లేదు కాబట్టి నాన్న ఏ దూరదేశంలోనో ఉద్యోగం చేస్తున్నాడని, పాపం వీళ్లు ఆయన వాటా అన్నం తీసిపెడుతున్నారని కథ అల్లుకున్నాను. పుస్తకం అయిపోయేదాకా ఆయన ఎప్పుడొస్తాడా అని ఎదురు చూశాను. తర్వాత తెలిసింది, దాన్ని బుత్సుదాన్ అంటారు, పోయినవాళ్లకి ఇంట్లో పెట్టుకునే మందిరం. దండ వేయడం మన అలవాటు, వాళ్లది కాదు.

రెండోది ఫోన్ కెమెరా. బుడగ మీద పెడితే క్షణంలో తెలుగు వచ్చేస్తుందని సంబరపడ్డాను. రైల్వే స్టేషన్ బోర్డుకైతే బాగానే ఉంటుందేమో, మాంగాకి మాత్రం ఇది నా లెక్కలో చివరి స్థానం. అక్షరాలు పైనుంచి కిందికి నిలువుగా ఉంటాయి. ఒకే వాక్యాన్ని రెండు బుడగల్లో విరుస్తారు, ఫోన్ వాటిని రెండు వాక్యాలు చేస్తుంది. చేత్తో గీసిన పెద్ద శబ్దాల అక్షరాలైతే దానికి అక్షరాల్లాగే కనిపించవు. అన్నిటికంటే పెద్ద చిక్కు, జపనీస్‌లో మనలాగే కర్తని ఎగరగొట్టేస్తారు. "తిన్నావా?" "తిన్నా" అని మనం అనుకున్నట్టే. ఎవరు, ఎవర్ని, అన్నది ముందు పేజీలు చూస్తే తెలుస్తుంది. ఫోన్‌కి ముందు పేజీ ఏముంటుంది? ఒకమ్మాయి ఒకబ్బాయి ముందు తలవంచుకుని "సుకి" అంటుంది. "నువ్వంటే ఇష్టం" అని చెబుతోందని భాష రాని నాకే బొమ్మ చూస్తే తెలిసింది. ఫోన్ మాత్రం "నాకు ఇది ఇష్టం" అంది. ఏది? చేతిలో బ్యాటా?

మూడోది, ఇంగ్లీషులో వచ్చిన పుస్తకం కొనడం. కథ కావాలి, నాకింకే గొడవా వద్దు అనేవాళ్లకి ఇదే దారి. ఫోన్లో చదువుకుంటే ఖర్చు కూడా తక్కువే, షుయేషా అనే జపాన్ ప్రచురణ సంస్థ వాళ్లే 2019లో తెచ్చిన మాంగా ప్లస్ యాప్‌లో చాలా కథల మొదటి అధ్యాయాలు ఊరికే చదవచ్చు. తెలుగు ఇంకా లేదు. అనువాదం కూడా ఒకప్పటిలా లేదు. 1990లలో ఇంగ్లీషు పాఠకుల కోసమని బొమ్మల్ని అద్దంలో చూపినట్టు తిప్పి అచ్చు వేసేవారు. దాంతో కుడిచేతి వాటం వాళ్లందరూ ఎడమచేతి వాళ్లైపోయేవారు. వాళ్లు ఒంటికి చుట్టి కట్టుకునే కిమోనో సంగతి ఇంకా ఘోరం. బతికున్నవాళ్లు ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకుంటారు, కుడి అంచు పైకి కట్టేది శవానికి. బొమ్మ తిప్పితే ఊరంతా పాడె మీదకి తయారైనట్టే! 2002లో టోక్యోపాప్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ తిప్పకుండా వేయడం మొదలుపెట్టాక ఆ పద్ధతి దాదాపు పోయింది.

మరి ఇంగ్లీషుదాంట్లో లోటేమిటి? ఇంగ్లీషే. జపనీస్‌లో మనలాగే క్రియ చివర్లో వస్తుంది, అవునో కాదో ఆ క్రియ తోకలోనే తేలుతుంది. "ఆ రోజు నేను బంతి..." అని ఒక బుడగ, పేజీ తిప్పాక "విసరలేదు" అని ఇంకో బుడగ. తెలుగులో ఈ పని హాయిగా సాగుతుంది. ఇంగ్లీషులో "లేదు" అనేది ముందే చెప్పేయాలి, గుట్టు కాస్తా పేజీ తిప్పకముందే బయటపడుతుంది. ఇంకో లోటు, పేరు చివర తగిలించే మాటలు: మన గారు లాంటి సాన్, చిన్నవాళ్లని ముద్దుగా పిలిచే చాన్, పెద్దవాళ్లకి సామా. ఎవరైనా హఠాత్తుగా సాన్ మానేసి ఉత్త పేరుతో పిలిచారంటే అక్కడ కథ మలుపు తిరిగినట్టు. కొన్ని ఇంగ్లీషు పుస్తకాలు వీటిని ఉంచుతాయి, కొన్ని కొట్టేస్తాయి.

ఇవన్నీ చూశాకే నాలుగో దారి పట్టాను: వాళ్ల అక్షరాలు నేర్చుకోవడం. భాష కాదు, ఉత్త అక్షరాలు. ముందు రెండు రకాలు: హిరగానా 46, కటకానా 46. మన గుణింతాలూ ఒత్తులూ దాటొచ్చినవాళ్లకి ఇదొక లెక్కా? నాకు రోజుకో అరగంట చొప్పున నెల పట్టింది. కటకానాలో షి, త్సు మాత్రం కవల పిల్లలు, ఇప్పటికీ తడబడతాను. మూడో రకం కాంజీ, అర్థాన్ని బట్టి రాసే అక్షరాలు. అందరికీ తెలియాలని ప్రభుత్వం పెట్టిన జాబితాలోనే 2,136 ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. పిల్లల మాంగాలో కాంజీ పక్కనే దాన్నెలా పలకాలో చిన్న అక్షరాల్లో హిరగానా వేస్తారు, ఫురిగానా అంటారు. దాన్ని పట్టుకుని నిఘంటువులో వెతుక్కోవచ్చు. పదాల మధ్య ఖాళీ ఉండదు కాబట్టి ఎక్కడ విరవాలో తెలియక ఒక్కో పేజీకి ఇరవై నిమిషాలు పడుతుంది. ఓపిక లేనివాళ్లకి ఇది చెప్పను.

కానీ శబ్దాలకి నిఘంటువు అక్కర్లేకపోయింది. బంతి పడే ముందు పిల్లాడి ఛాతీ పక్కన "దొకిదొకి". చదవగానే మనకి దడదడ. ప్రాక్టీసు అయ్యాక పొట్ట పట్టుకుంటే "పెకొపెకొ", అంటే కడుపు నకనకలాడుతోంది. తల "గురుగురు" తిరిగితే మనకి గిరగిర. ఇలా జంటగా మోగే మాటలు మనకి కొట్టినపిండి. వాటిని ఇంగ్లీషులో పెట్టడానికి అనువాదకుడు ఎంత అవస్థ పడతాడో పక్కన పుస్తకం పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. ఇక ఒక గడిలో అందరూ బిగుసుకుపోయి ఉంటే పైన "షీన్" అని పెద్ద అక్షరాలు. అది నిశ్శబ్దం చేసే చప్పుడట! దానికి మాత్రం మన దగ్గర మాట దొరకలేదు.

నన్నడిగితే ముందు ఒకసారి ఏమీ తెలియకుండా బొమ్మలు చూడండి, తప్పు కథ అల్లుకున్నా ఫర్వాలేదు. తర్వాత ఇంగ్లీషుదాంట్లో కథ తెలుసుకోండి. కథ నచ్చితేనే అక్షరాల జోలికి వెళ్లండి, ఇరవై భాగాల కథనైతే అలా లాగలేరు. ఫోన్ని ఎక్కడైనా ఒక మాట దగ్గర చిక్కుకున్నప్పుడు తీయండి, చాలు.

ఆ ఫొటో పేజీకి అక్షరాలు వచ్చాక మళ్లీ వెళ్లాను. పిల్లాడు బ్యాగు తగిలించుకుని, గుమ్మం వైపు తిరిగే ముందు ఫొటోకి ఒక మాట చెబుతాడు. ఇంగ్లీషుదాంట్లో నేను పోతున్నా అన్నట్టుంది. ఫోన్ "నేను వెళ్తున్నాను" అంది. మా ఇంట్లో ఎవరైనా గుమ్మం దగ్గర అలా అంటే మా అమ్మ వెనక్కి పిలిచి మళ్లీ చెప్పించేది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివితే "ఇత్తె కిమాసు" అని వచ్చింది. ఇత్తె అంటే వెళ్లి. కిమాసు అంటే వస్తాను.