ఛార్జింగ్ ఎక్కకపోతే ముందు బ్యాటరీ మార్చకండి: సన్న పిన్ను ల్యాప్‌టాప్‌తో నా అనుభవం

2021లో కొన్న ల్యాప్‌టాప్ ఇది. ఆఫీసు పనంతా దీని మీదే. కీబోర్డు, స్క్రీను ఇప్పటికీ బాగున్నాయి. ఇబ్బందల్లా ఛార్జింగ్ దగ్గరే. మధ్యలో సన్న పిన్ను ఉన్న ఇలాంటి గుండ్రటి ప్లగ్గుతో వేర్వేరు కంపెనీలు ల్యాప్‌టాప్‌లు అమ్మాయి కాబట్టి, ఏ కంపెనీదైనా ఈ అనుభవం పనికొస్తుంది.

వైరు పెడితే మెషీన్ నడిచేది, బ్యాటరీ శాతం మాత్రం ఉన్నచోటే ఉండిపోయేది. కింద ‘ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్’ అని కనిపించేది. దానితో పాటు ల్యాప్‌టాప్ బాగా స్లో అయింది. ఎక్సెల్ ఫైలు తెరిచినా ఆలోచిస్తూ కూర్చునేది. ఈ రెండూ ఒకేసారి మొదలైతే బ్యాటరీ కన్నా ముందు అడాప్టర్‌ని అనుమానించాలి.

కారణం ల్యాప్‌టాప్‌కి పెట్టే అడాప్టర్ ప్లగ్గులోనే ఉంది. మధ్యలో సూదిలాంటి సన్నటి పిన్ను కనిపిస్తుంది కదా, కరెంటు వచ్చేది దాని గుండా కాదు. ‘ఇది ఇన్ని వాట్ల అడాప్టర్’ అని ల్యాప్‌టాప్‌కి చెప్పడమే దాని పని. ఆ పిన్ను వంగినా, దాని వైరు లోపల తెగినా ఎన్ని వాట్లు వస్తున్నాయో ల్యాప్‌టాప్‌కి తెలియదు. అందుకని బ్యాటరీకి ఛార్జింగ్ ఆపేసి, ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. మల్టీమీటర్ పెడితే మాత్రం 19.5 వోల్టులు చక్కగా చూపిస్తుంది, అడాప్టర్ బాగానే ఉందనిపిస్తుంది. ఫోన్ టార్చి వేసి చూస్తే నా పిన్ను ఒక పక్కకు ఒరిగి ఉంది. ప్లగ్గు మెడ దగ్గర వైరుని కొంచెం వంచితే ఛార్జింగ్ లైటు వెలిగి ఆరిపోయేది.

అయితే షాపుకి వెళ్లే ముందు ఖర్చులేని పనులు కొన్ని చూసుకోవాలి. కంపెనీ యాప్‌లో ఛార్జింగ్‌ని 60 లేదా 80 శాతానికి పరిమితం చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, అక్కడ ఆగడం లోపం కాదు. స్పైక్ బస్టర్ తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. గోడ నుంచి వచ్చే వైరు అడాప్టర్ డబ్బాలోకి గట్టిగా దిగిందో లేదో చూడండి. మే నెలలో డాబా మీది గదిలో మెషీన్ కాలిపోతుంటే, కాస్త చల్లారాక పెట్టి చూడండి. బాగా వేడెక్కిన బ్యాటరీకి ఛార్జింగ్ ఆపేయడం రక్షణ ఏర్పాటే.

బ్యాటరీ మీద అనుమానం తీరాలంటే విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీయాలి. కొత్తలో ఎంత పట్టేదో, ఇప్పుడెంత పడుతోందో పక్కపక్కన ఉంటాయి. నాది తగ్గింది కానీ మార్చాల్సినంత కాదు.

అడాప్టర్ కోసం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయానికి ల్యాప్‌టాప్ కూడా తీసుకెళ్లాను. షాపులోనే పెట్టి, శాతం పెరగడం చూశాకే డబ్బులిచ్చాను. ఇది తప్పనిసరి. పిన్ను సైజు సరిపోయినా, ఆ గుర్తింపు ఏర్పాటు లేని చవక అడాప్టర్‌తో మళ్లీ అదే మెసేజ్ వస్తుంది. అడాప్టర్ వెనక వోల్టులు, ఆంపియర్లు (నాది 19.5, 3.34, అంటే 65 వాట్లు), బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తుతో పాటు ‘ఆర్’తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి.

ఈ ల్యాప్‌టాప్‌లో నాకు బాగా నచ్చింది ఛార్జింగ్ జాక్. మదర్‌బోర్డుకి అతికించకుండా విడి వైరుతో పెట్టారు. రేపు అది పోయినా మదర్‌బోర్డు జోలికి వెళ్లక్కర్లేదు. నచ్చనిది టైప్-సి పోర్టు. ఉంది కానీ దాని నుంచి ఛార్జింగ్ ఎక్కదు. ఇప్పుడు కొనేవాళ్లు టైప్-సితో ఛార్జయ్యేదే తీసుకోండి. 65 వాట్ల ఛార్జర్‌కి 5 ఆంపియర్ల కేబులే వాడండి, 3 ఆంపియర్ల కేబులైతే 60 వాట్ల దగ్గరే ఆగిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఏ ప్రయోగమూ వద్దు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, అడుగు మూత సరిగ్గా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బిందేమో అనుకోవాలి. వెంటనే ప్లగ్గు పీకేసి, స్విచ్ఛాఫ్ చేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.