పాత పేజ్‌మేకర్, వర్డ్ ఫైళ్లను కొత్త కంప్యూటర్లో తెరవడం: ఏ దారి మేలు?

పేజ్‌మేకర్ అంటే ఒకప్పుడు పుస్తకాల పేజీలు కూర్చిన సాఫ్ట్‌వేర్. దాని ఫైలైనా వర్డ్ ఫైలైనా ముందు దొరకాలి. ఇరవై ఏళ్ల నాటి సంఘం ఉగాది సంచికో, ప్రెస్సులో చేయించిన పుస్తకమో ఐడీఈ అనే పాత రకం హార్డ్‌డిస్కులో ఉంటే చెన్నై రిచీ స్ట్రీట్‌లో యూఎస్‌బీ అడాప్టర్ అడగండి. మూడున్నర అంగుళాల డిస్కుకు 12 వోల్టుల విడి కరెంటు కావాలి. ఉత్త యూఎస్‌బీ తీగతో అది తిరగదు. విండోస్ ఎక్స్‌పీ డిస్కులో మై డాక్యుమెంట్స్ ఉండేది 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' ఫోల్డరు లోపల. అనుమతి లేదంటే 'కంటిన్యూ' నొక్కండి.

సెర్చ్‌లో 'ఉగాది' అని కొడితే ఏమీ రాదు. ఆ ఫైళ్లలో తెలుగు ఇప్పటి కంప్యూటర్లు వాడే యూనికోడ్‌గా లేదు, ఇంగ్లిషు అక్షరాల కోడ్‌లుగా ఉంది. కాబట్టి పీ65, పీఎండీ, డీఓసీ, ఆర్‌టీఎఫ్ అనే తోకలతో వెతికి, 'డేట్ మాడిఫైడ్' వరుసలో పేర్చండి. 'డేట్ క్రియేటెడ్' కాపీ చేసినప్పుడల్లా మారిపోతుంది, దాన్ని నమ్మొద్దు.

తెరవడానికి అన్నిటికన్నా చవక ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్. వర్డ్ 95, అంతకుముందటి ఫైళ్లను కొత్త వర్డ్ అడ్డుకుంటే ఆప్షన్స్‌లో ట్రస్ట్ సెంటర్‌లోని 'ఫైల్ బ్లాక్ సెట్టింగ్స్' మార్చాలి. లిబ్రే ఆఫీస్‌లో సాధారణంగా ఆ తిప్పలు లేవు. 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లనూ అందులోని 'డ్రా' అనే ప్రోగ్రాం తెరుస్తుంది. అయితే వాక్యాలు ముక్కల పెట్టెలుగా చెదిరిపోతాయి. ఫైలు బతికి ఉందో లేదో చూసుకోవడానికి చాలు, అచ్చుకు పనికిరాదు. తెరపై యూరప్ భాషల టోపీ అక్షరాలు కనిపిస్తే ఫైలు పాడైందని కంగారుపడొద్దు. అను లాంటి పాత ఫాంటు లేదన్నమాట, అంతే. ఆ ఫాంటు టీటీఎఫ్ (ట్రూటైప్) రకమైతే వేసుకుంటే సరి. టైప్ 1 అనే పాత రకమైతే లిబ్రే ఆఫీస్ 5.3 నుంచే దాన్ని వదిలేసింది, అడోబీ 2023 జనవరిలో వదిలేసింది.

పేజీ ఉన్నదున్నట్టు కావాలంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ పెట్టడమే మేలు. 512 ఎంబీ ర్యామ్, 10 జీబీ డిస్కు చాలు. ఇంటర్నెట్ మాత్రం ఆపేయండి. పాత పేజ్‌మేకర్, పాత ఫాంట్లు రెండూ అందులో వేసి, పోస్ట్‌స్క్రిప్ట్ రకం ప్రింటరు డ్రైవర్ పెట్టుకుని 'ప్రింట్ టు ఫైల్' ఇస్తే, వచ్చిన ఫైలును గోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్ చేస్తుంది. బొమ్మల ఫోల్డరు వెంట తీసుకురాకపోతే బొమ్మల బదులు మసక నమూనాలే అచ్చవుతాయి. పేజ్‌మేకర్ తర్వాత అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్‌తో తెరుద్దామనుకుంటే దాని సీఎస్6 వెర్షన్ దాకానే ఆ వీలుంది. పీడీఎఫ్ వచ్చినా అందులోంచి కాపీ చేస్తే మళ్లీ ఆ టోపీ అక్షరాలే వస్తాయి.

ఆ మాటలను వెబ్‌లోకో కొత్త పుస్తకంలోకో ఎక్కించాలంటే పాత ఫాంటు కోడ్‌లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ తప్పదు, అసలు చిక్కంతా ఇక్కడే. పాత ఫాంట్లలో అక్షరాలు కంటికి కనిపించే వరుసలో ముక్కలుగా ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరుసలో. 'స్త్రీ'నే చూడండి. పాత పద్ధతిలో ముందు 'సీ', తర్వాత త వత్తు, ర వత్తు. యూనికోడ్‌లో గుడి దీర్ఘం చిట్టచివరికి వెళ్లాలి. ఆ సర్దుబాటు చేయని కన్వర్టర్ 'సీ్త్ర' అని ఇస్తుంది. ఫాంటు వెర్షన్ తప్పుగా ఎంచుకుంటే కొన్ని అక్షరాలే తారుమారై, పైపై చూపుకు అంతా బాగున్నట్టే ఉంటుంది. అది ఇంకా ప్రమాదం.

కన్వర్టర్‌లోకి టెక్స్ట్ ఫైలుగా మార్చి ఎక్కించొద్దు. ఏ మాట ఏ ఫాంటులో ఉందో పోతుంది, మధ్యలోని ఇంగ్లిషు పేర్లూ ఫోన్ నంబర్లూ తెలుగు ముక్కలైపోతాయి. పేజ్‌మేకర్‌లో టెక్స్ట్ టూల్‌తో కథనంలో కర్సర్ పెట్టి ఆర్‌టీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒక్కో కథనాన్నీ విడిగా చేయాలి, ఓపిక కావాలి. తమిళానికి 1999లో తమిళనాడు ప్రభుత్వం టామ్, టాబ్ అని ఉమ్మడి ఫాంటు పద్ధతులైనా ప్రకటించింది. మన పాత ఫాంట్లలో ఏ కంపెనీ దారి ఆ కంపెనీదే, అందుకే చెన్నైలోని డీటీపీ (కంప్యూటర్ పేజీ కూర్పు) షాపుల్లోని తమిళ కన్వర్టర్ మనకు అక్కరకు రాదు.

స్కాన్ చేసి ఓసీఆర్ చేయడం, అంటే బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం, చివరి మాట. ఫైలే లేక అచ్చు ప్రతి మాత్రం మిగిలితే 300 డీపీఐలో స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లోనో టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌లోనో పెట్టండి. థ–ధ, ప–వ, వత్తులు తప్పుతాయి. ప్రతి పేజీనీ అసలుతో పోల్చి దిద్దాలి. పెళ్లి కార్డుల వంకర ఫాంట్లకైతే చేత్తో కొట్టుకోవడమే త్వరగా తెములుతుంది.

వీలుంటే మొదట ఎక్స్‌పీలో పీడీఎఫ్ తీయండి, దాన్ని పక్కన పెట్టుకుని కన్వర్టర్ ఇచ్చింది దిద్దండి. పాత ఫైలు మీద 'సేవ్' మాత్రం నొక్కొద్దు. దాన్నీ దాని ఫాంట్లనూ ఒకే ఫోల్డరులో, రెండు చోట్ల దాచండి.