అంగారకుడా, శుక్రుడా?

వేరే గ్రహానికి ప్రయాణం అనగానే అందరి నోటా వచ్చేది అంగారకుడే. నిజానికి మనకు ఎక్కువ దగ్గరగా వచ్చేది శుక్రుడు, సుమారు 4 కోట్ల కిలోమీటర్లు. అంగారకుడు ఎంత దగ్గరికొచ్చినా దాదాపు 5.5 కోట్ల దూరంలోనే ఉంటాడు. కానీ దగ్గరైతే ఏం లాభం? శుక్రుడి నేల మీద 460 డిగ్రీల వేడి, మనకంటే 90 రెట్ల గాలి ఒత్తిడి. 1982లో దిగిన సోవియట్ నౌక వెనెరా-13 పనిచేసింది 127 నిమిషాలే. మన సినిమా అంతసేపు కూడా కాదు!

అంగారకుడి మీదా సుఖమేం లేదు: గడ్డకట్టే చలి, పీల్చలేని గాలి. అయినా 2012లో దిగిన క్యూరియాసిటీ రోవర్ ఏళ్ల తరబడి ఫొటోలు పంపింది. జనం మనసు అటు లాగేది ఆ ఫొటోలేనని నా అనుమానం. ఎర్రమట్టి, రాళ్లు, గుట్టలు, అచ్చం రాయలసీమ బీడులా. శుక్రుడి మేఘాల్లో 50-55 కిలోమీటర్ల ఎత్తున వేడి, ఒత్తిడి మనిషి తట్టుకునేలానే ఉంటాయి. కానీ అక్కడ కాలు పెట్టడానికి నేలేదీ?