వైజాగ్ మూడు రోజులు: రూమ్ బాగుంది, బీచ్ బాగుంది, తిండి దగ్గరే దెబ్బతిన్నాం

అమ్మనీ పిల్లల్నీ తీసుకుని రాజమండ్రి నుంచి వైజాగ్ వెళ్ళొచ్చాం. రూమ్ లాసన్స్ బే కాలనీలో. లిఫ్ట్ చిన్నదే కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, పొద్దున్నే వేడినీళ్ళు వచ్చేవి. ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ పిల్లలకి తెగ నచ్చింది. లోపల బాగా ఇరుకు, అందుకే మోకాళ్ళ నొప్పులున్న అమ్మ బయటే కూర్చుంది. కైలాసగిరికి ఎండ తగ్గాక వెళ్ళండి.

రెండో రోజు మధ్యాహ్నం జగదాంబ దగ్గర ఏసీ, అద్దాల తలుపు చూసి ఒక హోటల్లోకి వెళ్ళాం. పేరు రాయను. చేపల పులుసు రుచిగానే ఉంది. చెయ్యి కడుక్కోవడానికి వెళ్తే వంటగది తలుపు తీసి ఉంది, టేబుళ్ళు తుడిచిన తడిగుడ్డతోనే ఒకబ్బాయి ప్లేట్లు తుడుస్తున్నాడు, గట్టు కింద మూతలేని గిన్నెలో పచ్చి చికెన్, దాన్ని ఆనుకునే కోసిన ఉల్లిపాయలు. ఆ రాత్రి అమ్మకి వాంతులు. ఆ భోజనం వల్లేనని ఖాయంగా చెప్పలేను గానీ, తెల్లవార్లూ ఓఆర్ఎస్ పడుతూ నేను పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

కౌంటర్ వెనక ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్ ఫ్రేము కట్టి ఉంది, ఆ 14 అంకెల నంబరు బిల్లు మీదా ఉంది. అది చూసి మనం ధైర్యపడతాం, కానీ అది హోటల్ నడుపుకోవడానికి ఇచ్చిన అనుమతే, వంటగదికి వేసిన మార్కు కాదు. శుభ్రతని బట్టి 5 దాకా ఇచ్చే హైజీన్ రేటింగ్ ఎఫ్ఎస్ఎస్ఏఐకి కూడా ఉంది, అయితే ఇష్టమున్నవాళ్ళే తీసుకుంటారు. మురికి వంటగది పెట్టుకున్నవాడు తనంతట తాను ఎందుకు అడుగుతాడు?

న్యూయార్క్‌లో 2010 నుంచి తనిఖీలో దొరికిన తప్పులకి పాయింట్లు వేసి, 13 దాకా అయితే ఏ, 27 దాకా బీ, ఆపైన సీ అని ఇస్తున్నారు, ఆ కార్డు వీధిలోంచి కనబడేలా పెట్టాలి. అక్క దగ్గరికి వెళ్ళినప్పుడు ఒకచోట బీ చూసి, నా చెయ్యి పట్టుకుని పక్క హోటల్‌కి లాక్కెళ్ళింది. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2013 నుంచి హైజీన్ రేటింగ్ సున్నా వచ్చినా తలుపు దగ్గర అంటించాల్సిందే. మనకి కావలసింది అదే, లోపలికి అడుగు పెట్టకముందే తెలియడం.

మూడో రోజు ఎంవీపీ కాలనీలో చిన్న టిఫిన్ హోటల్‌కి వెళ్ళాం. ఏసీ లేదు, పెనం మన ఎదురుగానే, నీళ్ళ డ్రమ్ముకి మూత ఉంది. అమ్మ రెండు ఇడ్లీలు తింది, మేం పెసరట్లు తిన్నాం. అక్కడే కూర్చుని ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో, ముందురోజు బిల్లు మీది లైసెన్స్ నంబరు వేసి ఆ జగదాంబ హోటల్ మీద ఫిర్యాదు పెట్టాను.